అజ్ఞాతవాసాన్ని మూకీ తెర మీద చూపిన నెల్లూరు బిడ్డ – వై.వి. రావు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక గొప్పవారి జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారిని, పూలే దంపతులను, జాషువా గారిని మనం ఈ పేజీల్లో ఎన్నోసార్లు తలచుకున్నాము. ఇక ముందు కూడా తలచుకుంటాము. ఈసారి మాత్రం సినిమా రంగంలోని ఒక పెద్దాయన గురించి రాయాలనుకున్నాము. సినిమా అనగానే పాటలు, ఫైట్లు, కటౌట్లు గుర్తుకు తెచ్చుకోవద్దు. మేము చెప్పబోయేది సినిమాకు ఇంకా మాటలే రాని కాలం. ఆ కాలంలో మన పక్క జిల్లా నెల్లూరు నుంచి బయలుదేరి, దక్షిణ భారతదేశం అంతా తిరిగి, మూడు భాషల సినిమాకు పెద్ద దిక్కుగా నిలిచిన దర్శకుడు యరగుడిపాటి వరదారావు గారు. అందరికీ వై.వి. రావుగా తెలిసినవారు.

ఆయననే ఎందుకు ఎంచుకున్నామంటే దానికి కారణం ఉంది. 1930లో ఆయన పాండవ అజ్ఞాతవాసం అనే మూకీ సినిమా తీశారు. రాజులు తాము రాజులమని దాచుకుని, పనివాళ్ల వేషంలో బతికిన కథ అది. ఆ కథకూ, హాస్టల్లో చదువుకునే మనకూ దగ్గరి సంబంధం ఉంది. అది ఏమిటో చివరికి మీకే తెలుస్తుంది.

వై.వి. రావు గారు 1903 మే 30న నెల్లూరులో పుట్టారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా కూడా ఏర్పడలేదు. శ్రీకాళహస్తి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక జమీందారీ. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మన ఊరు తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లాల పేర్లు మారినా గూడూరు మీదుగా నెల్లూరుకూ మనకూ ఉన్న రైలు దారి, రాకపోకలు అలాగే ఉన్నాయి.

నెల్లూరు అంటే తిక్కన గారి ఊరు. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి, మహాభారతాన్ని విరాటపర్వం నుంచి చివరిదాకా తెలుగు చేసిన మహాకవి ఆయన. విరాటపర్వం అంటేనే అజ్ఞాతవాసం కథ. వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించే ఆచారం మన పెద్దలకు బాగా తెలుసు. అదే ఊరిలో పుట్టిన వరదారావు గారు, తిక్కన గారు పద్యాల్లో చెప్పిన కథనే ఏడు వందల సంవత్సరాల తర్వాత మాటలు లేని బొమ్మలతో చెప్పారు.

వరదారావు గారికి మొదటి బడి నాటకరంగం. నాటకాల నుంచి ఆయన మనసు సినిమా వైపు మళ్లింది. ఆ రోజుల్లో తెలుగు నేల మీద చెప్పుకోదగ్గ స్టూడియో లేదు. సినిమాల్లో చేరాలంటే బొంబాయి, కొల్హాపూరు వైపు పోవాలి, లేకపోతే మద్రాసు చేరాలి. మద్రాసులో సినిమాకు పునాది వేసినవారిలో మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు ముఖ్యులు. ఆయన కుమారుడు ఆర్. ప్రకాష్ విదేశాలకు వెళ్లి సినిమా తీయడం నేర్చుకుని వచ్చి, 1920ల మొదట్లో భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ తీశారు. అలా తయారైన మద్రాసు మూకీ రంగంలోకి వరదారావు గారు నటుడిగా అడుగుపెట్టారు. గరుడ గర్వభంగం, రోజ్ ఆఫ్ రాజస్థాన్ వంటి మూకీలలో ముఖ్యపాత్రలు వేశారు.

నటన ఒక్కటే ఆయనకు చాలలేదు. కెమెరా వెనుక ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే పట్టుదల ఆయనది. అప్పట్లో బెంగుళూరులో హరిభాయ్ దేశాయ్ గారి సూర్యా ఫిలిం కంపెనీ వరుసగా మూకీలు తీస్తుండేది. వరదారావు గారు బెంగుళూరు చేరి దర్శకుడయ్యారు. 1930లో పాండవ నిర్వాణం, పాండవ అజ్ఞాతవాసం తీశారు. 1932లో హరిమాయ తీశారు. అజ్ఞాతవాసం తీసేనాటికి ఆయనకు నిండా ఇరవై ఏడేళ్లు.

మూకీ అంటే ఏమిటో ఈనాటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కాస్త వివరంగా చెప్పాలి. తెర మీద మనుషులు కదులుతారు, పెదవులు ఆడిస్తారు. మాట మాత్రం వినపడదు. సంగతి తెలియడానికి మధ్య మధ్యలో అక్షరాలు రాసిన కార్డులు చూపించేవారు. ఒకే కార్డు మీద రెండు మూడు భాషలు ఉండేవి. డేరాలో తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు కూర్చునేవారు. చూడవచ్చినవాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకని ఒక మనిషి నిలబడి ఆ కార్డులను గట్టిగా చదివి, కథను అందరికీ విప్పి చెప్పేవాడు. నేల మీద కూర్చున్న కూలీలు, రైతులు, ఆడవాళ్లు ఆయన నోటి నుంచి కథ వినేవారు. చదువు వచ్చిన ఒక్కడు, చదువు రాని వందమందికి అక్షరం పంచిపెట్టినట్టే. మన ఇళ్లలో మొదటిసారి బడికి వచ్చిన మనం, ఇంటికి వచ్చిన ఉత్తరాన్నో, బ్యాంకు కాగితాన్నో, రేషన్ కార్డునో చదివి అమ్మానాన్నలకు చెప్పడం లేదా? అలాంటి పనే అది కూడా.

ఇప్పుడు కథలోకి వద్దాము. మన శ్రీకాళహస్తి, పుత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడుల దగ్గర భారతం జరిపిస్తారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపస్సు మాను ఎక్కే అర్జునుణ్ణి, చివరి రోజు అగ్నిగుండాన్ని చూడని పిల్లవాడు మనలో ఉండడు. కాబట్టి కథ మీకు కొత్త కాదు. జూదంలో ఓడిన పాండవులు పన్నెండేళ్లు అడవిలో, ఆ తర్వాత ఒక్క ఏడాది ఎవరూ గుర్తుపట్టకుండా బతకాలి. గుర్తుపడితే మళ్లీ అడవికి పోవాలి. ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచి విరాటుడి కొలువులో చేరారు. ధర్మరాజు కంకుభట్టు అయ్యాడు. భీముడు వలలుడనే వంటవాడు. అర్జునుడు బృహన్నల పేరుతో నాట్యం నేర్పాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను చూసుకున్నారు. ద్రౌపది సైరంధ్రి పేరుతో రాణి సుదేష్ణకు తలదువ్వి పూలు పెట్టే దాసి అయింది.

నాటకంలో అయితే వేషగాడు పద్యం అందుకుని, తాను భీముణ్ణని మనకు మాత్రం తెలిసేలా చెప్పవచ్చు. మూకీలో ఆ వీలు లేదు. నడకలో, చూపులో, చేతి కదలికలో మాత్రమే గరిటె పట్టిన వంటవాడి లోపల గద పట్టిన భీముడు కనిపించాలి. విరాటుడికి మాత్రం కనపడకూడదు, డేరాలో నేల మీద కూర్చున్నవాడికి కనపడాలి. దర్శకుడికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. మాటలు లేని సినిమాకు అజ్ఞాతవాసం కథ అంతగా అతికినట్టు సరిపోయిందేమో, దక్షిణాదిలో వచ్చిన మొట్టమొదటి మూకీ కూడా ఈ కథే. వేలూరుకు చెందిన నటరాజ ముదలియార్ గారు 1917–18 ప్రాంతంలో మద్రాసులో తీసిన కీచకవధం అది. అంటే మన దక్షిణాది సినిమా పుట్టిందే సైరంధ్రి కథతో అన్నమాట.

ఈ కథలో మనం నిలబడి ఆలోచించవలసిన ఘట్టాలు రెండు ఉన్నాయి. మొదటిది, కీచకుడు నిండు సభలో సైరంధ్రిని కాలితో తన్నడం. విరాటుడు చూస్తూ ఊరుకున్నాడు. ఎందుకు? ఆమె దాసి అనుకున్నాడు కాబట్టి. ఆమె ద్రౌపది అని తెలిస్తే వణికిపోయేవాడు. రెండవది, ఉత్తర గోగ్రహణం తర్వాత విరాటుడు కోపం పట్టలేక పాచికతో కంకుభట్టు ముఖం మీద కొట్టడం. ముక్కు నుంచి రక్తం కారింది. తర్వాత అతను ధర్మరాజని తెలిసి విరాటుడు ఎంతో పశ్చాత్తాపపడ్డాడు. మంచిదే. అయితే కంకుభట్టు నిజంగానే కంకుభట్టు అయి ఉంటే? సైరంధ్రి నిజంగానే పొట్టకూటికి వచ్చిన దాసి అయి ఉంటే? అప్పుడు ఆ దెబ్బ న్యాయమైపోతుందా? ఆ రక్తం రక్తం కాకుండా పోతుందా?

మన అమ్మానాన్నలు వంట చేస్తారు, ఆవులు కాస్తారు, ఇతరుల ఇళ్లలో పనిచేస్తారు. వారి వేషం వెనుక ఏ రాజూ దాగి లేడు. మారువేషం కానే కాదు అది, వారి జీవితమే అది. వారికి గౌరవం రావాలంటే ఏడాది చివర కిరీటం బయటపడనక్కరలేదు. మన ఊరి కన్నప్ప కథ చూడండి. తిన్నడు బోయవాళ్ల బిడ్డ. వేటాడిన మాంసం నైవేద్యం పెట్టాడు, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకం చేశాడు. కాళహస్తీశ్వరుడు అతణ్ణి బోయవాడిగానే స్వీకరించాడు. అయినా తిన్నడు పూర్వజన్మలో అర్జునుడని చెప్పే కథ కూడా ఒకటి మన మధ్య తిరుగుతూ ఉంది. అడవి బిడ్డ గొప్పవాడంటే ఒప్పుకోవడానికి కూడా లోకానికి ఎక్కడో ఒక రాజు కావాలి కాబోలు!

వరదారావు గారి జీవితంలో మాకు నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. ఆయన అజ్ఞాతవాసం దగ్గర ఆగిపోలేదు.

1931లో సినిమాకు మాట వచ్చింది. ఆ ఏడాది మార్చి 14న ఆలం ఆరా, అక్టోబరు 31న కాళిదాసు విడుదలయ్యాయి. 1932లో హెచ్.ఎం. రెడ్డి గారి భక్త ప్రహ్లాదతో పూర్తి తెలుగు టాకీ వచ్చింది. మూకీ నటులు చాలామందికి దీనితో బతుకుతెరువు పోయింది. మాట రానివారికి, ఆ భాష రానివారికి చోటు లేకుండా పోయింది. వరదారావు గారు మాత్రం భయపడలేదు. తెలుగువాడై ఉండి మొట్టమొదటి కన్నడ టాకీ సతీ సులోచనకు దర్శకత్వం వహించారు. షా చమన్‌లాల్ డూంగాజీ నిర్మాత. కొల్హాపూరులో చిత్రీకరించారు. సుబ్బయ్య నాయుడు గారు ఇంద్రజిత్తుగా, ఆర్. నాగేంద్రరావు గారు రావణుడిగా, త్రిపురాంబ గారు సులోచనగా నటించారు. 1934 మార్చి 3న అది బెంగుళూరులో విడుదలైంది. కన్నడ సినిమా చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీలోనే మన నెల్లూరు వ్యక్తి పేరు రాయక తప్పదు.

ఆ తర్వాత 1937లో తమిళంలో చింతామణి తీశారు. మన తెలుగువాళ్లకు నాటకంగా తెలిసిన కథే అది. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, అశ్వత్థమ్మ గార్లు నటించిన ఆ చిత్రం ఏడాదికి పైగా ఆడి తమిళనాట రికార్డు సృష్టించింది. ఆ లాభాలతో మదురైలో చింతామణి పేరుతోనే ఒక టాకీసు కట్టారు. 1941లో తమిళంలో సావిత్రి తీశారు. అందులో నారదుడి వేషం వేసినవారు సంగీత సరస్వతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు. సావిత్రిగా మరాఠీ నటి శాంతా ఆప్టే, సత్యవంతుడిగా వరదారావు గారే నటించారు. సుబ్బులక్ష్మి గారు ఆ సినిమాకు అందుకున్న పారితోషికమే కల్కి పత్రిక ప్రారంభించడానికి పెట్టుబడి అయింది.

అయితే మేము అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవలసినది 1939లో ఆయన తెలుగులో తీసిన మళ్ళీ పెళ్ళి. కాంచనమాల గారు కథానాయిక, వరదారావు గారే కథానాయకుడు. పసితనంలో పెళ్లి చేయబడి, లోకం తెలియకముందే వితంతువు అయిన ఒక అమ్మాయికి మళ్లీ పెళ్లి జరగడం ఇందులో కథ. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన తర్వాత యాభై ఎనిమిదేళ్లకు వచ్చిన సినిమా అది. యాభై ఎనిమిదేళ్లయినా లోకం పెద్దగా మారలేదు. పురాణాలే తీస్తే డబ్బు వస్తుందని అందరూ నమ్మే రోజుల్లో అలాంటి కథ పట్టుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

ఆ రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1930లో అజ్ఞాతవాసం. సైరంధ్రికి న్యాయం జరిగిందంటే ఆమె లోపల ద్రౌపది ఉంది కాబట్టి, కీచకుణ్ణి చంపడానికి భీముడు ఉన్నాడు కాబట్టి. 1939లో మళ్ళీ పెళ్ళి. ఆ వితంతు బాలిక లోపల ఏ మహారాణీ దాగి లేదు. ఆమె మామూలు అమ్మాయి. మామూలు అమ్మాయి కాబట్టే, మనిషి కాబట్టే ఆమెకు బతికే హక్కు ఉందని ఆ సినిమా చెప్పింది. తొమ్మిదేళ్లలో వరదారావు గారు తెర మీద దాటిన దూరం ఇది. మన దృష్టిలో మద్రాసు నుంచి కొల్హాపూరు వరకు ఆయన తిరిగిన దూరం కంటే ఇదే ఎక్కువ.

1940లో ఆయన విశ్వమోహిని తీశారు. సినిమా లోకాన్నే కథావస్తువుగా తీసుకున్న చిత్రం అది. నాగయ్య గారు అందులో నటించారు. 1946లో జగన్నాథ పండితుడి కథతో తమిళంలో లవంగి తీసి, తానే నాయకుడిగా నటించారు. బ్రాహ్మణ పండితుడు, ముస్లిం యువతి మధ్య ప్రేమ ఆ కథ. కులమతాల గోడలను తెర మీదైనా పగలగొట్టాలనే తపన అందులో కూడా కనిపిస్తుంది. లవంగిగా నటించిన కుమారి రుక్మిణి గారు ఆయన జీవిత భాగస్వామి అయ్యారు. వారి కుమార్తే ప్రసిద్ధ నటి లక్ష్మి గారు. వరదారావు గారు 1973 ఫిబ్రవరి 14న కన్నుమూశారు.

ఇంతచేసిన మనిషి తీసిన పాండవ అజ్ఞాతవాసం ఈనాడు చూద్దామంటే లేదు. సతీ సులోచన కూడా లేదు. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, లేకపోతే డబ్బాలోనే పొడి అయిపోతుంది. చాలా రీళ్లను అందులోని వెండి కోసం కరిగించారు. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తయారైతే చేతివేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే పూర్తిగా మిగిలాయి. దక్షిణాది మూకీలలో దాదాపు పూర్తిగా దొరికినది 1933 నాటి మార్తాండ వర్మ. తిరువాన్కూరు యువరాజు శత్రువులకు దొరకకుండా తలదాచుకుని తిరిగే కథ అది. విచిత్రం ఏమిటంటే, నవల హక్కుల తగాదాతో ఆ ఫిల్మును విడుదలైన కొత్తలోనే జప్తు చేశారు. పుస్తక ప్రచురణ సంస్థ దగ్గర ఏళ్లతరబడి పడి ఉండడం వల్లనే బతికింది. 1974లో పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది. దాక్కున్న రాజు కథ, తాను కూడా దాక్కుని ప్రాణం దక్కించుకుంది. మన వరదారావు గారి అజ్ఞాతవాసానికి ఆ అదృష్టం పట్టలేదు. అది అజ్ఞాతంలోకి పోయి తిరిగి రాలేదు. పని చేసినవాడి పేరు రాసి పెట్టకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే మేము ఈ పేరును ఇక్కడ రాసి పెడుతున్నాము.

చివరిగా మన సంగతి. కాలేజీలో చేరిన తర్వాత, ఎక్కడ ఉంటున్నావని స్నేహితులు అడిగితే బంధువుల ఇంట్లో అని చెప్పే తమ్ముళ్లు ఉన్నారు. ప్రభుత్వం ఇచ్చిన దుప్పటిని, ప్లేటును బ్యాగు అడుగున దాచే చెల్లెళ్లు ఉన్నారు. ఉద్యోగం వచ్చాక సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివానని పక్క సీటులోని వారికి చెప్పడానికి వెనుకాడే అన్నలు, అక్కలు కూడా ఉన్నారు. వారిని తప్పుపట్టడానికి కాదు ఇది. ఆ మాట విన్న వెంటనే ఎదుటివాడి చూపు ఎలా మారుతుందో మనకు అనుభవమే. పాండవులు కూడా ఊరికే దాక్కోలేదు, గుర్తుపడితే నష్టం కాబట్టి దాక్కున్నారు.

కానీ ఒక్క తేడా గమనించండి. వాళ్లు రాజరికాన్ని దాచి పనివాళ్లమని చెప్పుకున్నారు. మనం పనివాళ్ల బిడ్డలమన్న మాటను దాచుకుంటున్నాము. వాళ్ల అజ్ఞాతవాసానికి ఒక్క ఏడాది గడువు ఉంది. మనం దాచడం మొదలుపెడితే దానికి గడువు ఉండదు. మనలో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారు ముందుగా బయటపడితే, ఇప్పుడు ట్రంకు పెట్టె మోసుకుని ఐదో తరగతిలో చేరుతున్న పిల్లవాడికి దాక్కోవలసిన అవసరం తగ్గుతుంది.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. ఈ వార్షికోత్సవానికి మీ పిల్లలను వెంటబెట్టుకుని రండి. మీరు పడుకున్న గదిని, తిన్న వరండాను, చదువుకున్న దీపం కిందిచోటును వారికి చూపించండి. వంట మనిషికి, కామాటికి, వాచ్‌మన్‌కు వారి చేత నమస్కారం పెట్టించండి. ఆ వంట మనిషి మారువేషంలో ఉన్న భీముడు కాదు. మనందరికీ అన్నం పెట్టిన మనిషి. ఆ నమస్కారానికి అంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.